పాత డెస్క్‌టాప్‌లో కొత్త ర్యామ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో ఇంటెల్ జి41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) ఉన్న మదర్‌బోర్డు, కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ ఉన్నాయి. ఇంతకాలం 1 జీబీ డీడీఆర్3 రకం ర్యామ్ మాడ్యూళ్లు రెండింటితో నడిచింది. బోర్డు 8 జీబీ వరకు తీసుకుంటుందని మాన్యువల్‌లో చదివి, 4 జీబీవి రెండు కొని అమర్చాను. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, బీప్ శబ్దాలు వరుసగా వస్తున్నాయి, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. పాతవి పెడితే అంతా మామూలే. కొత్తవి మిత్రుడి కంప్యూటర్‌లో చక్కగా పనిచేశాయి. మదర్‌బోర్డు పాడైనట్టేనా?

జవాబు: బోర్డు పాడైందనుకోవడానికి మీరు రాసినదాంట్లో ఆధారమేదీ లేదు. పాత మాడ్యూళ్లు పనిచేస్తున్నాయి కనుక స్లాట్లు బాగున్నట్టే. మిత్రుడి కంప్యూటర్ ఒప్పుకుంది కనుక కొత్త మాడ్యూళ్లూ బాగున్నట్టే. రెండూ బాగుండి కూడా ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఈ తరం బోర్డుల్లో తరచుగా కనిపించే కారణం మెమరీ చిప్‌ల సాంద్రత, అంటే ఒక్కో చిప్‌లో పట్టే బిట్‌ల సంఖ్య.

అయితే అమరికలో లోపం లేదని ముందు నిర్ధారించుకోండి. పవర్ కేబుల్ తీసేసి, ఆన్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ లోపలి రంగు వేయని లోహభాగాన్ని ఒకసారి తాకిన తరువాతే మాడ్యూల్‌ను ముట్టుకోవాలి. బంగారు రంగు కొనలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు వైపులా క్లిప్పులు వాటంతట అవే బిగుసుకునేదాకా సమానంగా నొక్కండి. ఒక్క మాడ్యూల్‌నే ఒక్కో స్లాట్‌లో పెట్టి చూడండి. పాత సెట్టింగులు అడ్డుపడకుండా బోర్డు మీది గుండ్రని బ్యాటరీని కొద్ది నిమిషాలు తీసి పెట్టడమో, మాన్యువల్ చూపిన జంపర్‌తో (రెండు పిన్‌లను కలిపే చిన్న తొడుగుతో) బయోస్‌ను, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డులోని ప్రోగ్రామ్‌ను, రీసెట్ చేయడమో చేయవచ్చు. ఇవన్నీ చేసినా ఫలితం మారకపోతే కొత్త మాడ్యూల్‌ను చేతిలోకి తీసుకుని, దాని మీద నల్లని చిప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక వైపే 8 ఉండి రెండో వైపు ఖాళీగా ఉంటే మీ సమస్యకు కారణం దాదాపుగా దొరికినట్టే.

లెక్క ఇలా ఉంటుంది. ర్యామ్‌ను చదివి రాసే భాగమైన మెమరీ కంట్రోలర్ ఒకేసారి 64 బిట్‌లు చదువుతుంది. ఒక్కో చిప్ 8 బిట్‌లు అందించే రకమైతే 8 చిప్‌లు కలిసి ఒక జట్టు అవుతాయి. దీన్నే ర్యాంక్ అంటారు. 2 గిగాబిట్ల చిప్ అంటే 256 ఎంబీ. అలాంటివి 8 కలిస్తే 2 జీబీ, రెండు వైపులా 16 ఉంటే 4 జీబీ. ఆ తరువాత వచ్చిన 4 గిగాబిట్ల చిప్‌లు 8 ఉంటేనే 4 జీబీ పూర్తవుతుంది. జి41లో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో కాక చిప్‌సెట్‌లోనే ఉంటుంది, అది 2 గిగాబిట్ల చిప్‌ల వరకే రూపొందింది. 8 బిట్‌ల రకంలో 2 గిగాబిట్ల చిప్‌కు వరుస చిరునామా తీగలు (చిప్ లోపల ఏ అడ్డవరుస కావాలో చెప్పేవి) 15 చాలు, 4 గిగాబిట్ల చిప్‌కు 16 కావాలి. ఆ పదహారో తీగను నడపలేని కంట్రోలర్‌కు కొత్త మాడ్యూల్‌లోని సగం అందదు. అందుకే ఇలాంటి బోర్డుల్లో కొన్ని 4 జీబీని 2 జీబీగా చూపిస్తాయి, కొన్ని మీ బోర్డులాగే బీప్‌లు వినిపించి ఆగిపోతాయి. ఇది సిలికాన్‌లో ఉన్న పరిమితి కాబట్టి బయోస్ అప్‌డేట్‌తో తీరదు. పాత బోర్డు మీద అనవసరంగా బయోస్ మార్చే ప్రమాదం తలకెత్తుకోకండి.

కనుక కొత్త మాడ్యూళ్లను మార్చుకోవడమే సరైన దారి. అడగవలసింది 16 చిప్‌లు ఉన్న 4 జీబీ డీడీఆర్3 మాడ్యూల్; లేబుల్ మీద ‘2ఆర్ఎక్స్8’ అని ఉండాలి. అంటే రెండు ర్యాంకులు, 8 బిట్‌ల చిప్‌లు అని అర్థం. మీ దగ్గరున్న వాటి మీద బహుశా ‘1ఆర్ఎక్స్8’ అని ఉండవచ్చు. చిప్‌ల సంఖ్య ఒక్కటే చూసి కొనవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. 4 బిట్‌ల చిప్‌లు 16 పేర్చి, ఏఎండీ బోర్డులకు మాత్రమే అంటూ అమ్మే మాడ్యూళ్లు ఉన్నాయి. పైకి అచ్చం మీకు కావలసినవాటిలాగే కనిపించినా ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డుల్లో అవి పనిచేయవు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ మెమరీ కూడా స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది గానీ నడవదు. లేబుల్ మీద ‘10600’ వంటి అంకె చివర ‘ఆర్’ అక్షరం ఉంటే అది ఆ రకమే, మీకు ‘యు’ అక్షరం కావాలి. వేగం గురించి దిగులు అక్కరలేదు: 1333 మాడ్యూల్ మీ బోర్డులో 1066 వేగానికి దిగి నడుస్తుంది.

ప్రశ్న: 2 జీబీ స్థానంలో 4 జీబీ పెట్టాను. బయోస్ 4 జీబీ చూపిస్తోంది, విండోస్ 7 మాత్రం 3.25 జీబీయే ఉపయోగపడుతుందని చెబుతోంది. మాడ్యూల్‌లో లోపమా?

జవాబు: కాదు. మీది 32 బిట్‌ల విండోస్ అయి ఉంటుంది. దానికి అందే చిరునామాలు మొత్తం 4 జీబీ. అందులోంచే గ్రాఫిక్స్‌కు, ఇతర పరికరాలకు చోటు కేటాయించాలి కనుక మిగిలినదే ర్యామ్‌కు దక్కుతుంది. ప్రాసెసర్ 64 బిట్‌లదైతే 64 బిట్‌ల విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, పాతదాని మీద అప్‌గ్రేడ్ చేయడం కుదరదు. ఇప్పటికే 64 బిట్‌లదైతే బయోస్‌లో మెమరీ రీమ్యాప్ (పరికరాల చోటు వల్ల అందని ర్యామ్‌ను 4 జీబీకి పైనున్న చిరునామాలకు మార్చేది) అనే అంశం ఆన్‌లో ఉందో లేదో, విండోస్ సెట్టింగుల ప్రోగ్రామ్ ఎంఎస్‌కాన్ఫిగ్‌లోని బూట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో గరిష్ఠ మెమరీ గడిలో ఎవరైనా టిక్ పెట్టి వదిలేశారేమో చూడండి. ఇంటెల్ 945 వంటి చిప్‌సెట్లలో రీమ్యాప్ సౌకర్యమే లేదు. బోర్డు అలాంటిదైతే విండోస్ మార్చినా ఆ ముప్పావు జీబీ చేతికి రాదు, దానికోసం శ్రమపడవద్దు.

ప్రశ్న: పాత మాడ్యూల్ పక్కన వేరే కంపెనీ మాడ్యూల్ చేర్చాను. కంప్యూటర్ ఆన్ అవుతోంది, మెమరీ అంతా కనిపిస్తోంది. కానీ అప్పుడప్పుడూ నీలి తెర వచ్చి రీస్టార్ట్ అవుతోంది. ఇలాగే వాడుకోవచ్చా?

జవాబు: వాడకండి. అసలు ఆన్ కాని కంప్యూటర్ కన్నా ఇలా తప్పులతో నడిచే కంప్యూటరే ఎక్కువ ప్రమాదకరం. మెమరీలో ఒక బిట్ తారుమారైతే అది అలాగే డిస్క్ మీదికి చేరుతుంది. ఏ ఫోటో, ఏ ఖాతా ఫైలు చెడిందో చాలాకాలం తరువాత గానీ బయటపడదు. ముందు కొత్త మాడ్యూల్ తీసేసి, పాతదానితోనే ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి.

తరువాత రెండూ పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా ఆ జంటను అంగీకరించకూడదు. తప్పులు కనిపిస్తే ఒక్కోదాన్ని విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించాలి. తప్పు ఒక మాడ్యూల్ వెంటే వెళితే దోషం దానిదే. ఏ మాడ్యూల్ పెట్టినా ఒక స్లాట్‌లోనే తప్పులు వస్తే ఆ స్లాట్‌ను శుభ్రం చేయండి; మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉండే తరువాతి తరం కంప్యూటర్లలోనైతే ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్ కూడా కారణం కావచ్చు, దాన్ని అనుభవమున్నవారి చేత చూపించండి. విడివిడిగా రెండూ నిర్దోషంగా ఉండి, కలిపితేనే తప్పులు వస్తుంటే బయోస్‌లో మెమరీ వేగాన్ని ఒక మెట్టు తగ్గించి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ కుదరకపోతే ఒకే కంపెనీవి, ఒకే రకానివి రెండు కలిపి తీసుకోవలసిందే. పరీక్ష తప్పు లేకుండా ముగిసేవరకు విండోస్ ఇన్‌స్టాల్ చేయడం, డిస్క్ డీఫ్రాగ్ చేయడం వంటి భారీగా రాతలు సాగే పనులేవీ ఆ కంప్యూటర్‌లో మొదలుపెట్టవద్దు.