డిష్ పైకి జరపమంటారా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది రెండు టవర్ల మధ్య 7 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ రేడియో లింకు, దూరం 30 కిలోమీటర్లు, రెండు వైపులా 1.8 మీటర్ల డిష్‌లు. దారిలో ఓ చెరువు, నడిమధ్యన చెట్లున్న దిబ్బ. టవర్ ఎక్కి బైనాక్యులర్స్‌తో చూస్తే అవతలి టవర్ చక్కగా కనిపిస్తుంది. పగలంతా అందే సిగ్నల్ బలం మైనస్ 35 డీబీఎం (బలాన్ని కొలిచే యూనిట్) ఉంటుంది. తెల్లవారుజామున మాత్రం లింకు పడిపోతోంది. వాన లేదు, గాలి లేదు. రేడియో రెండుసార్లు మార్చాం. డిష్‌లు పైకి జరపడమే మిగిలిందని మావాళ్లు అంటున్నారు.
– ఒక ఇంజినీరు

జవాబు: ఆగండి, ఇప్పుడే టవర్ ఎక్కించకండి. మైనస్ 35 అంటే మీ దూరానికి, మీ డిష్‌లకు లెక్క ప్రకారం రావలసిందే. ఆ రేడియోలను అనవసరంగా అనుమానించారు.

కంటికి కనిపిస్తే దారి ఖాళీగా ఉన్నట్టేనని అందరం మొదట్లో అనుకుంటాం. రేడియో తరంగానికి గీత చాలదు, చుట్టూ జాగా కావాలి. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటాం. మీ లింకుకి నడిమధ్యన దాని వ్యాసార్థం దాదాపు 18 మీటర్లు. కనీసం అందులో 60 శాతం, అంటే 11 మీటర్లు, దిబ్బ మీది చెట్ల కొసల పైన కూడా ఖాళీగా ఉండాలి. సర్వే తర్వాత చెట్లు ఎంత పెరిగాయో ఎవరైనా చూశారా?

దీనికి భూమి వంపు తోడవుతుంది. మామూలు గాలిలో కిరణం కాస్త కిందికి వంగుతుంది కాబట్టి కె విలువ (ఆ వంగడాన్ని బట్టి భూమి వ్యాసార్థాన్ని ఎన్ని రెట్లుగా లెక్కించాలో చెప్పే అంకె) 4/3 వేసుకుంటాం. అప్పుడు మధ్యలో వంపు 13 మీటర్లు. కొన్ని పొగమంచు వేళల్లో కె 2/3కి కూడా పడిపోతుంది. వంపు 26 మీటర్లు దాటుతుంది. మీరు 11 మీటర్లే వదిలి ఉంటే అవీ పోయి, పైగా రెండు మీటర్లు అడ్డం! పగలు ఉన్న దిబ్బే తెల్లారేసరికి ఎదిగినట్టు లెక్క.

ఇది ఒక అనుమానం. రెండోది మల్టీపాత్. గాలి కదలని రాత్రి నేల చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి పొరలుగా నిలుస్తాయి. సిగ్నల్ రెండు మూడు దారుల్లో వచ్చి తనను తానే కొట్టేసుకుంటుంది. పొద్దెక్కి గాలి కలిసిపోగానే అంతా మామూలే. నీటి మీద తగిలి వచ్చే కిరణం కూడా ఇలాంటి అల్లరే చేస్తుంది.

రెండింటిలో ఏదో సిగ్నల్ లెవెల్ గ్రాఫ్ చెబుతుంది. లెవెల్ మెల్లగా జారి గంటసేపు కిందే ఉండిపోతే దారికి అడ్డం వస్తోంది, ఎత్తు పెంచండి. రంపపు పళ్లలా క్షణాల్లో లోతుగా పడి లేస్తుంటే మల్టీపాత్. దానికి మందు స్పేస్ డైవర్సిటీ: అదే టవర్ మీద ఏడెనిమిది మీటర్ల కింద ఇంకో డిష్. పవర్ పెంచితే పెద్దగా లాభం ఉండదు. పెంచినా లెవెల్ బాగున్నట్టే కనబడుతూ డేటాలో ఎర్రర్లు వస్తుంటాయి. రికార్డింగ్ 15 నిమిషాలకోసారి కాదు, సెకనుకోసారి పెట్టండి. పావుగంట సగటులో పళ్లన్నీ అరిగిపోతాయి.

నేను ఒకప్పుడు గ్రాఫ్ చూడకుండానే డిష్‌ను 10 మీటర్లు పైకి జరిపించాను. రెండు రోజుల పని. లింకు అంతకుముందుకన్నా అధ్వానంగా తయారైంది. అంతవరకూ గట్టు చాటున ఉన్న నీళ్లు, కొత్త ఎత్తు నుంచి డిష్‌కి బాగా కనబడటం మొదలైంది. మళ్లీ కిందికి దించమని టవర్ ఎక్కి పనిచేసే రిగ్గర్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాళ్లే అడిగారు, ‘దించేద్దామా సార్?’ అని. మీ లేఖలో చెరువు అన్న మాట చదవగానే ఆగమన్నది అందుకే.

ప్రశ్న: 23 గిగాహెర్ట్జ్ లింకులకు నిలువు పోలరైజేషనే (తరంగం నిలువుగా ఊగేలా) ఎందుకు పెట్టమంటారు?

జవాబు: వాన వల్ల. 10 గిగాహెర్ట్జ్ దాటాక వాన దెబ్బ గట్టిగా తగులుతుంది. పెద్ద చినుకు బొమ్మల్లో గీసినట్టు కన్నీటి బొట్టులా ఉండదు. పడేటప్పుడు గాలి ఒత్తిడికి నొక్కిన బంతిలా అడ్డంగా సాగుతుంది. అందుకే అడ్డం పోలరైజేషన్‌లో ఉన్న సిగ్నల్‌ని వాన ఎక్కువ తినేస్తుంది. తేడా కొద్దిగానే, కానీ పైసా ఖర్చు లేకుండా వచ్చేది. పక్క లింకుతో ఇంటర్‌ఫియరెన్స్ వస్తుంటే మాత్రం అడ్డంగానే పెట్టి, ఆ నష్టం పూడ్చడానికి డిష్ ఒక సైజు పెంచుకోండి.