బోరు నీటి తెల్ల మరకలు సబ్బుతో ఎందుకు పోవు?

విజయనగరంలో బోరు నీళ్లు వాడే మీ ఇంట్లో కుళాయిలకు, బాత్రూం టైల్స్‌కు పట్టిన తెల్లటి గార సబ్బుతో ఎంత తోమినా పోవడం లేదని అడిగారు. పోదు. అది మురికి కాదు, నీరు ఆరిపోయాక మిగిలిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండేదే. సబ్బు ఆ లవణాలతో కలిసి ఇంకా తెట్టు కడుతుంది. దాన్ని కరిగించేది పులుపు.

తెల్ల వెనిగర్‌లో గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. గార మందంగా ఉంటే సన్నటి బుడగలు వస్తాయి, కరుగుతోందని గుర్తు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. నిమ్మచెక్క, చింతపండు గుజ్జు కూడా పనిచేస్తాయి, కాస్త ఆలస్యంగా.

పాలరాయి, కడప బండల మీద మాత్రం పులుపు పడనివ్వకండి. అవీ సున్నపురాయి జాతివే, మెరుపు పోతుంది. అంతకన్నా ముఖ్యం, బ్లీచింగ్ పౌడర్‌తో వెనిగర్‌ను గానీ యాసిడ్‌ను గానీ ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది.

స్నానమయ్యాక గోడల మీది నీటిని వైపర్‌తో లాగేస్తే గార త్వరగా పేరుకోదు.