సెమినార్‌కి ఒక్క ఆల్ప్స్ చాలు

సరిహద్దు కొండల్లో వన్యప్రాణుల్ని దేశాలు కలిసి కాపాడటం మీద నీ సెమినార్‌లో, “పార్కులు ఎలాగూ ఉన్నాయి కదా, దేశాలు కలిసి చేసేదేముంది?” అని మేడమ్ అడిగితే నోరు పెగల్లేదన్నావు కదా తమ్ముడూ, టెన్షన్ పడకు. హిమాలయాలూ ఆండీసూ అన్నీ కుక్కకుండా యూరప్‌లోని ఆల్ప్స్ కొండలొక్కటే పట్టుకో.

ఫ్రాన్స్‌లో మెర్కాంటూర్, దాన్ని ఆనుకునే ఇటలీలో ఆల్పి మారిట్టిమే పార్కులున్నాయి. అక్కడ ఐబెక్స్ అనే కొండమేకలు కాలాన్ని బట్టి సరిహద్దు దాటి అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఒకవైపే కాపాడితే ఏం లాభం? అందుకే 1987లో రెండు పార్కులూ జతకట్టాయి. ఆ కొండల్ని కాపాడటానికి ఆల్ప్స్ దేశాలు 1991లో చేసుకున్న ఆల్ప్స్ ఒప్పందం, 1995లో మొదలైన పార్కుల నెట్‌వర్క్ ఆల్పార్క్, ఈ రెండింటికీ ఒక స్లైడ్ చాలు.

మన దగ్గరి ఉదాహరణ అడక్క మానరులే. మీ బెంగళూరు మ్యాప్ తీసి, బన్నేరుఘట్ట నుంచి దక్షిణంగా కావేరి అభయారణ్యం దాకా గీత గీయి. అది ఏనుగులు తిరిగే అడవి. పక్కనే తమిళనాడులోని హోసూరు అడవులు. 1980లలో ఏనుగులు కర్ణాటక, తమిళనాడు వైపు నుంచే మన చిత్తూరు జిల్లా కౌండిన్య అడవికి వచ్చాయి. వాటికి చెక్‌పోస్టులతో పనేముంది! రంగుల ఫోటోలకన్నా, ఆ గీతకి అడ్డొచ్చే రోడ్లూ లేఅవుట్లూ గుర్తుపెట్టిన మ్యాప్ చూపించు, మార్కులు దానికే పడతాయి.