స్నేహితుడితో కలిసి కన్‌స్ట్రక్షన్ పెడుతున్నా... ఏయే కాగితాలు కావాలి?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాను. నా కింద పన్నెండు మంది ఉంటారు. ఇప్పుడు స్నేహితుడితో కలిసి సొంతంగా కన్‌స్ట్రక్షన్ పెడదామనుకుంటున్నాం. అతను సివిల్ డిప్లొమా చదివాడు, 8 లక్షలు పెడతానంటున్నాడు. సెంట్రింగ్ సామాను, లేబర్, పనితనం నావి. మొదటి పనిగా జీ ప్లస్ వన్ ఇల్లు మాట్లాడాం. అంతస్తుకు 1,100 చదరపు అడుగులు, మెటీరియల్‌తో కలిపి అడుగు 1,900. ‘మన మధ్య కాగితాలేంటి’ అంటాడు స్నేహితుడు. ఏయే రిజిస్ట్రేషన్లు కావాలి? వ్యాపారం నడపడం ఎక్కడ నేర్చుకోవాలి?

జవాబు: మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట ‘మన మధ్య కాగితాలేంటి’ అన్నదే. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

కలిసి వ్యాపారం చేసి లాభం పంచుకుందామని నోటిమాటగా అనుకున్నా చట్టం దృష్టిలో మీరిద్దరూ భాగస్వాములే. మీరు వేరుగా రాసుకోనప్పుడు 1932 నాటి భాగస్వామ్య చట్టమే మీ తరఫున రాసేస్తుంది. లాభమైనా నష్టమైనా చెరిసగం. రాసుకుంటే తప్ప భాగస్వామికి జీతం ఉండదు (సెక్షన్ 13). అంటే పొద్దున ఆరింటి నుంచి పొద్దుగూకేదాకా సైట్‌లో నిలబడిన మీరు, ఆ కష్టానికి విడిగా కూలీ కూడా అడగలేరు. సంస్థ పేరు మీద అతను ఇనుము అరువు తెస్తే, షాపువాళ్లు ఆ బాకీ మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు (సెక్షన్ 25).

భాగస్వామ్య ఒప్పంద పత్రం (డీడ్) రాసుకుని బీరువాలో పెట్టుకున్నా సరిపోదు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సంస్థను రిజిస్టర్ చేయించాలి. చేయించకపోయినా నేరం కాదు, జరిమానా లేదు. అందుకే చాలామంది వదిలేస్తారు. అసలు దెబ్బ సెక్షన్ 69లో ఉంది. రిజిస్టర్ కాని సంస్థ, బిల్లు ఎగ్గొట్టిన యజమాని మీద ఒప్పందం ఆధారంగా దావా వేయడానికి వీల్లేదు. భాగస్వాములు ఒకరి మీద ఒకరు డబ్బు కోసం దావా వేయడానికీ వీల్లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. సంస్థను రద్దు చేసి లెక్కలు తేల్చమని అడిగే దారి మాత్రం ఉంటుంది, అది ఏళ్ల తరబడి సాగే దారి.

డీడ్‌లో అతని 8 లక్షలు, మీ సెంట్రింగ్ సామాను విలువ, మీకు నెలకు ఎంత, ఎంత మొత్తం దాటితే చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, ఒకరు తప్పుకుంటే సామాను ఎవరిది అన్నవి స్పష్టంగా రాయించండి. అతను సైట్‌కు రాడు, డబ్బు మాత్రమే పెడతాడు అనుకుంటే భాగస్వామ్యమే వద్దు. ప్రామిసరీ నోటు రాసి అప్పుగా తీసుకుని, వ్యాపారం మీ ఒక్కరి పేరునే పెట్టుకోండి. ఎల్‌ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్), ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ లాంటివి పనులు పెరిగాక చూసుకోవచ్చు.

ఇక ఇంటి యజమానితో ఒప్పందం. ‘అడుగు 1,900’ అని మాత్రమే రాస్తే గొడవను పిలిచి కూర్చోబెట్టినట్టే. పోర్టికో పూర్తి లెక్కా, సగమా? మెట్ల హెడ్‌రూమ్ కలుస్తుందా? పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు రేటులోనివా, విడిగానా? సిమెంటు, ఇనుము ఏ కంపెనీవి? బేస్‌మెంట్‌కు ఎంత, శ్లాబ్ పడ్డాక ఎంత, ప్లాస్టరింగ్‌కు ఎంత ఇస్తారు? ఇవన్నీ అందులో ఉండాలి. యజమాని దగ్గర ఇంటి నిర్మాణ అనుమతి కాపీ తీసుకోండి.

మేస్త్రీలు ఎక్కువగా నష్టపోయేది అదనపు పనుల దగ్గరే. నా దగ్గరకు వచ్చిన ఒక మేస్త్రీ సంచిలోంచి వంద పేజీల స్కూలు నోటుబుక్కు తీశాడు. అంచులకు సిమెంటు అంటుకుని పేజీలు విడిపోవడం లేదు. జాగ్రత్తగా విప్పితే లోపల ‘పైన అటక రెండు, వెనక గోడ మూడు అడుగులు పెంపు’ అని తేదీలతో సహా ఉంది, ప్రతి పేజీ కింద యజమాని పొట్టి సంతకం. నోటీసు పంపిన నెలలోపే డబ్బు వచ్చింది, కోర్టు మెట్లు ఎక్కే అవసరం పడలేదు. మనమే రాసుకున్న లెక్క ఒక్కటే చూపిస్తే కోర్టులో చాలదు, అవతలివాళ్ల సంతకం ఉండాలి. సంతకం కుదరకపోతే ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టి ‘ఓకే’ అనిపించుకోండి, ఆ ఫోను మార్చేయకండి. డబ్బు ఇచ్చే గడువు రాసుకోకపోతే, పని అయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి.

జీఎస్టీ విషయం: ఒకే కుటుంబం ఉండే విడి ఇంటిని కొత్తగా కట్టడానికి లేబర్ మాత్రమే ఇస్తే పన్ను లేదు. మీది మెటీరియల్‌తో కలిపి 41,80,000 రూపాయల పని. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, మామూలు పద్ధతిలో పన్ను 18 శాతం. అంటే 7,52,400. సిమెంటు, ఇనుము బిల్లుల మీద కట్టిన పన్ను ఇందులో తగ్గుతుంది, కాబట్టి బిల్లు లేని సరుకు చవగ్గా వస్తుందని ఆశపడకండి. 1,900లో జీఎస్టీ కలిసిందా లేదా అన్నది ఈ వారమే యజమానితో తేల్చుకోండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు.

మీ పన్నెండు మంది గురించి మీరు ఒక్క మాటా అడగలేదు. నాకు అదే బాధగా ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పదిమంది లేదా అంతకుమించి ఉంటే సంస్థను కార్మిక శాఖలో నమోదు చేయించాలి. పరంజా మీంచి పడి కూలీ చనిపోతే పరిహారం కట్టాల్సింది మీరే. లెక్క ఇలా ఉంటుంది: ముప్పై ఏళ్ల మనిషి, నెల వేతనం 15,000 అనుకుందాం. అందులో సగం 7,500ను, ఆ వయసుకు చట్టం ఇచ్చిన అంకె 207.98తో గుణిస్తే 15,59,850. ‘తాగి ఎక్కాడు, తప్పు అతనిదే’ అన్న వాదన మరణం కేసులో నిలవదు. మీ పెట్టుబడి మొత్తం కలిపినా ఆ డబ్బుకు చాలదు. అందుకే పునాది తవ్వకముందే వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోండి. పనివాళ్లందరికీ లేబర్ కార్డులున్నాయో లేదో చూసి, లేనివాళ్లకు దగ్గరుండి చేయించండి.

నేర్చుకోవడం గురించి: కట్టడం మీకు వచ్చు. రానిది ఎస్టిమేట్ వేయడం, బిల్లులు రాయడం. హైదరాబాద్‌లోని న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) 1998 నుంచి నిర్మాణ రంగంలో శిక్షణ ఇస్తోంది, మీకు సరిపోయే కోర్సు ఉందేమో కనుక్కోండి. అంతకన్నా ముందు, మీరు ఇప్పటిదాకా కట్టిన ఒక ఇంటికి ఎంత సిమెంటు, ఎంత ఇనుము, ఎన్ని కూలీలు పట్టాయో మీ స్నేహితుడి చేత కాగితం మీద లెక్క కట్టించండి. 1,900 గిట్టుబాటో కాదో అందులోనే తేలుతుంది.

డీడ్ ముసాయిదా రాయించాక చెరో కాపీ తీసుకుని ఇంట్లోవాళ్లతో కలిసి చదవండి. నచ్చని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని, మీ ఊళ్లో ఒక లాయర్‌కు చూపించండి. ముగ్గు పోసే రోజుకు అది రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరి ఉండాలి.