తలుపులోకి నీళ్లు రానివ్వు, బుజ్జీ

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు జయపురంలో కొన్న సెకండ్ హ్యాండ్ కారులోకి వాన నీళ్లు వస్తున్నాయట. షెడ్డువాడు నాలుగు తలుపుల రబ్బర్లూ మార్చాలని పెద్ద లెక్క చెప్పాడట. నువ్వేమో "అక్కర్లేదు, ఆదివారం నేనే తలుపు విప్పి చూస్తాను" అన్నావట. సగం మురిసిపోతూ, సగం బెంగపడుతూ చెప్పింది. ఫోను పెట్టేశాక నాకూ చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో పానా పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వే. చిన్నప్పుడు సెలవులకు వస్తే నా షెడ్డులో నేల మీద కూర్చుని నట్లన్నీ సైజుల వారీగా డబ్బాల్లో సర్దేదానివి. తలుపు విప్పడం నీ వల్ల అవుతుంది, ఆ అనుమానం నాకు లేదు. ఆ తడి కార్పెట్ తోనే రథయాత్రకు సుంకి ఘాట్ రోడ్డు మలుపులు దిగి వస్తావేమోనన్నదే నా భయం. ఎందుకో కింద చెబుతాను.

ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఒడియా బడిలో చదివినదానివి, తెలుగు కూడబలుక్కుని చదువుతావు కాబట్టి ఒక్కో మాటా బుర్రకెక్కుతుంది.

మొదట అది వాన నీరేనా అన్నది తేల్చుకో. ఎండ కాసిన రోజున ఏసీ వేసుకుని తిరిగాక ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయిందన్నమాట. తడి జిగటగా ఉండి తియ్యటి వాసన వేస్తే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, దానికి షెడ్డుకే వెళ్లాలి. ఇంకొకటి, నువ్వు తురాయి చెట్టు కింద కారు పెడతావని మీ అమ్మ మాటల్లో తెలిసింది. తురాయి ఆకులు మరీ చిన్నవి. వైపర్ల కింది జాలీలోంచి దూరి, అక్కడి నీళ్లు పోయే దారిలో ముద్దకట్టి కూర్చుంటాయి. అప్పుడు నీరు బ్లోయర్ దగ్గర నుంచి లోపలికి దిగుతుంది. బానెట్ ఎత్తి ఆ చెత్త తీసి, ఒక చెంబు నీళ్లు పోసి కిందికి పోతున్నాయో లేదో చూడు. ఇవేవీ కావని తేలాకే తలుపు జోలికి వెళ్లు.

ఇప్పుడు అసలు మాట. తలుపులోకి నీళ్లు వస్తాయి. వస్తాయని తెలిసే తలుపును తయారు చేస్తారు. కిటికీ గ్లాసు దిగే సందు దగ్గర బయటి రబ్బరు ఎంత కొత్తదైనా, కొంత నీరు గ్లాసు వెంట జారి తలుపు కడుపులో పడుతుంది. అది బయటికి పోవడానికి తలుపు అడుగు అంచున చిన్న చిల్లులు ఉంటాయి. ఆ నీరు నీ వైపు రాకుండా, డోర్ ప్యాడ్, అంటే తలుపుకు లోపలి వైపు బిగించిన అట్ట, దాని వెనక రేకుకు ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. పూలకుండీ అడుగున చిల్లు ఎందుకు పెడతామో ఈ చిల్లులూ అందుకే. మీ నాన్నకు ఈ ముక్క తెలియకే అంత పని జరిగింది. బావ ఇది చదివితే నాలుగు రోజులు నాతో మాట్లాడడు. అయినా నువ్వు వినాలి.

మీరు కొరాపుట్‌లో ఉన్న రోజులవి. మీ నాన్న తెల్ల మారుతి 800 కొన్నాడు. 2014 జనవరిలో ఆ కారు తయారీయే ఆగిపోయింది గానీ, అప్పట్లో మాస్టారి ఇంటి ముందు 800 నిలబడితే వీధి వీధంతా వచ్చి చూసేది. బావకు కారు మీద ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ. వానాకాలంలో ఒక ఉదయం చూస్తే డ్రైవరు వైపు తలుపు అడుగు నుంచి నీరు బొట్లు బొట్లుగా కారుతోంది. లోపల ఫ్లోరు కూడా కాస్త తడిగా ఉంది. రెండూ కలిపి, ఈ చిల్లుల్లోంచే నీళ్లు లోపలికి ఎక్కుతున్నాయని తీర్మానించాడు. నన్ను అడగలేదు. బావమరిదిని అడగడం నామోషీ కదా! చిల్లులు పూడ్చే ఎం-సీల్ కొని, రెండు ముద్దలూ కలిపి పిసికి, నాలుగు తలుపుల చిల్లులూ బొటనవేలితో అదిమి అదిమి మూసేశాడు. మర్నాటి నుంచి బయటికి ఒక్క బొట్టు కారలేదు. మెకానిక్ అక్కర్లేకుండా బాగుచేశానని వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

దసరా సెలవులకు మిమ్మల్ని తీసుకురావడానికి నేను వెళ్లాను. తలుపు వేయగానే లోపల గుడగుడమని శబ్దం. "ఏమిటి బావా ఇది?" అంటే "పెట్రోలు నిండుగా కొట్టించాను" అన్నాడు. పెట్రోలు తలుపులో పోస్తారా అని అడిగాను. "నువ్వు ఎక్కడికి వెళ్లినా నీ షెడ్డు బుద్ధి మానవు" అన్నాడు. తెల్లవారాక విప్పి చూసి వెళ్దామన్నా వినలేదు. సాయంత్రం వానలోనే బయల్దేరాం.

పొట్టంగి దాటేసరికి చీకటి పడింది. 1,672 మీటర్ల దేవమాలి, ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ, ఆ చుట్టుపక్కలే ఉంది కదా. వానాకాలంలో మబ్బు రోడ్డు మీదికే దిగి వస్తుంది. బయట పొగమంచు చాలదన్నట్టు లోపల అద్దం తెల్లబడడం మొదలైంది. తలుపుల్లో నిండిన నీరు షీటు అంచు దాటి కార్పెట్ లోకి దిగిపోయి ఉంది. కింద నానిన స్పాంజి, మూసిన కిటికీలు, అందరి ఊపిరి. ఆ బండికి ఏసీ లేదు. నేను తుండుతో తుడుస్తుంటే తుడిచిన చోటే మళ్లీ ఆవిరి పట్టేది. వెనక నుంచి మీ అమ్మ తన కొంగు అందించింది. మీ నాన్న తల కిటికీలోంచి బయటపెట్టి నడిపాడు. ఒక మలుపులో ఎదురుగా వచ్చిన లారీ లైటు పడి అద్దమంతా తెల్లగా వెలిగిపోయింది. రోడ్డు ఎటో, లోయ ఎటో తెలియలేదు. మీ నాన్న బ్రేకు తొక్కి అలాగే బిగుసుకుపోయాడు. లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. దిగి చూస్తే ఎడమ చక్రం తారు దాటి మట్టి మీద ఉంది. అక్కడ పిట్టగోడ లేదు.

నువ్వు మీ అమ్మ ఒళ్లో నిద్రపోతున్నావు. అప్పుడు నీకు అయిదేళ్లు.

కిటికీలన్నీ దించి, వాన ముఖాన కొడుతున్నా సరే అనుకుని, నడక వేగంతో సుంకిలో టీ కొట్టు దాకా చేరాం. ఆ దీపం వెలుగులో స్క్రూడ్రైవరుతో ఒక చిల్లు మీది ఎం-సీల్ పెకలించాను. దాని మీద మీ నాన్న బొటనవేలి ముద్ర చక్కగా పడి ఉంది. తుప్పు రంగు నీరు చెంబుల కొద్దీ నా చెప్పుల మీద పడింది. అప్పుడే లేచిన నువ్వు "మామయ్యా, కారు ఉచ్చ పోసింది!" అని చప్పట్లు కొట్టావు. మీ అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. మీ నాన్న టీ గ్లాసు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. గ్లాసులో టీ తొణుకుతోంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మరుసటి వేసవికి తలుపుల అడుగున పెయింటు పొక్కులు లేచింది. వేలితో నొక్కితే రేకు కరకరమంటూ లోపలికి పోయింది. పాతపట్నంలో టింకరింగ్ చేయించాం. అడుగు రేకంతా కోసి కొత్తది వెల్డింగ్ చేయాల్సి వచ్చింది. ఆ తరువాత బావ మారిపోయాడులే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు, దారి తెరుచుకోగానే బియ్యం బస్తా, కొవ్వొత్తులు వేసుకుని రాయగడ నుంచి వచ్చేశాడు. అప్పటికి కారు కూడా మారింది. దిగుతూనే నాతో అన్న మొదటి మాట: "చిల్లులు శుభ్రంగానే ఉన్నాయి, కావాలంటే చూసుకో."

ఇక నీ పని. ఒక్కదానివే చేయకు, ఎవరినైనా టార్చి ఇచ్చి కారులో కూర్చోబెట్టు. గొట్టంతో నీళ్లు మెల్లగా, తలుపు అడుగు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లు. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏది కారుతోందో తెలియదు. కార్లు కడిగే ప్రెషర్ గొట్టం అసలే వద్దు, అది మంచి రబ్బరును కూడా దాటించి నీళ్లు కొడుతుంది. ముందుగా లోపల గుమ్మం మీద టాల్కం పౌడరు చల్లిపెట్టు, నీరు నడిచిన దారి గీత పడి కనిపిస్తుంది.

పై మూలల నుంచి రబ్బరు లోపలి వైపుగా గీత దిగి ఉంటే తప్పు రబ్బరుది. రబ్బరు పొడిగా ఉండి, డోర్ ప్యాడ్ కింది అంచు నుంచి బొట్లు పడుతుంటే తప్పు షీటుది. నేను చూసిన బండ్లలో రెండోదే ఎక్కువ, అందులోనూ చేతులు మారిన బండ్లలో. పాత యజమాని ఎప్పుడో స్పీకర్లు పెట్టించుకుని ఉంటాడు, పెట్టినవాడు షీటును బ్లేడుతో చీల్చి అలాగే వదిలేసి ఉంటాడు. తలుపు విప్పకుండానే నాలుగు రబ్బర్లు మార్చమన్న మనిషి మాట నేనైతే నమ్మను.

రబ్బరు మీద అనుమానం ఉంటే పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగు. బిగువుగా రావాలి. సులువుగా జారి వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టుకో. చాలాసార్లు రబ్బరు దాని అంచు మీద నుంచి ఊడి ఉంటుంది, అరచేత్తో కొట్టి కూర్చోబెడితే సరిపోతుంది. తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయి. ఇంజిన్ ఆయిల్, డీజిల్ రాయమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. ఆ రబ్బరు నూనెలకు ఉబ్బి పాడవుతుంది.

ప్యాడ్ విప్పే ముందు గ్లాసు పూర్తిగా పైకి ఎత్తి, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసెయ్యి. స్క్రూలు హ్యాండిల్ గుంటలో, చెయ్యి ఆనించే చోట చిన్న మూతల కింద దాక్కుని ఉంటాయి. అవన్నీ వచ్చాక కింది మూల నుంచి వేళ్లు దూర్చి, ఒక్కో క్లిప్పు దగ్గరగా పట్టుకుని లాగు. టప్పుమని వస్తుంది, భయపడకు. క్లిప్పులు కొన్ని విరుగుతాయి, ముందే కొత్తవి తెచ్చిపెట్టుకో. రాకపోతే మాత్రం బలం పెట్టకు, ఎక్కడో ఇంకో స్క్రూ ఉందని అర్థం. ప్యాడ్‌ను స్విచ్ తీగల మీద వేలాడదీయకు.

షీటు చిరగకుండా ఊడి ఉంటే దాన్నే వాడు. పాత జిగురు మీద దుమ్ము పట్టి ఉంటుంది, స్పిరిట్ గుడ్డతో రేకు తుడిచి బాగా ఆరనిచ్చి, బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) వేసి వేలితో అదుముకుంటూ వెళ్లు. కింది అంచు దగ్గర తొందరపడకు. షీటు మీద జారిన నీరు తలుపు కడుపులోకే పడేలా ఆ అంచు రేకు సందులోకి దూరి ఉండాలి. ప్యాడ్ వైపు వేలాడితే నీ శ్రమంతా వృథా. షీటు చిరిగిపోయి ఉంటే దాన్నే నమూనాగా పెట్టి మందమైన పాలిథిన్ కత్తిరించు. వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడకు, అది రేకును తింటుంది.

తలుపు అడుగు చిల్లులను జిప్ టై (తీగలు కట్టే ప్లాస్టిక్ పట్టీ) కొనతో శుభ్రం చెయ్యి, ఇనప తీగతో గీకితే పెయింటు పోతుంది. గ్లాసు మీద ఒక చెంబు నీళ్లు పోసి, అవి అడుగు నుంచి రావడం కళ్లారా చూడు.

కార్పెట్ విషయంలో నిన్ను నేను తిడతాను, ముందే చెబుతున్నాను. పైన చెయ్యి పెడితే ఆరినట్టే ఉంటుంది. కింద స్పాంజి వారాల తరబడి నీటిని పట్టుకుని ఉంటుంది. గుమ్మం పట్టీ తీసి, కార్పెట్ ఎత్తి, కింద అరచెయ్యి పెట్టి చూడు. తడిగా ఉంటే ఎత్తి పట్టేలా ఏదైనా ఆసరా పెట్టి ఫ్యాను గాలి తగలనివ్వు. సీటు తీయాల్సి వస్తే ఆగు, దాని కింద పసుపు తొడుగు తీగలు కనిపిస్తే అవి ఎయిర్ బ్యాగువి. వాటిని నువ్వు ముట్టుకోవద్దు, ఆ ఒక్క పనికి షెడ్డువాణ్ణి పిలువు. డబ్బులు నేనిస్తాను.

స్పాంజి పూర్తిగా ఆరితేనే ఘాట్ దిగు. ఆరకపోతే బస్సులో రా, రథం నీకోసం కారు అడగదు. ఎప్పుడైనా అద్దం తెల్లబడితే గుడ్డతో తుడుస్తూ నడపకు. ఏసీ వేసి, గాలి అద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట మార్చు, కిటికీ కాస్త దించు. అయినా పోకపోతే వెడల్పైన చోట పక్కకు ఆపు. పగలే బయల్దేరు.

రేపు గుణుపురం మీదుగా రాయగడ వెళ్లే బస్సులో బ్యూటైల్ టేపు చుట్టా, ప్యాడ్ లేపే ప్లాస్టిక్ బద్దా పంపుతున్నాను, రాయగడలో మీ నాన్న అందుకుని జయపురం పంపుతాడు. క్లిప్పులు నీ బండి మోడల్‌కు సరిపోయేవి అక్కడే కొనుక్కో. షీటు అంటించాక ప్యాడ్ పెట్టకముందే ఫోటో తీసి పంపు, కింది అంచు బాగా కనబడాలి. నేను సరే అన్నాకే స్క్రూలు బిగించు.

మీ మామయ్య