చైనీస్ ఇమ్మర్షన్ బడా, వీధి చివరి బడా?

అమెరికాలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మీరు, పాపను చైనీస్ ఇమ్మర్షన్ బడిలో (అంటే పాఠాలే చైనీస్‌లో చెప్పే బడిలో) వేయాలా, వీధి చివరి మామూలు బడిలో వేయాలా అని అడిగారు. ముందు ఆ చైనీస్ బడి పద్ధతి కనుక్కోండి. యూటా రాష్ట్రంలోని ఇలాంటి బడుల్లో సగం రోజు ఇంగ్లిష్, సగం రోజు చైనీస్; కింది తరగతుల్లో లెక్కలు కూడా చైనీస్‌లోనే. కొన్నిచోట్ల మొదట్లో 80–90 శాతం చైనీసే. ఇంగ్లిష్ చదవడం కాస్త ఆలస్యమైనా తర్వాత అందుకుంటారు, దానికి టెన్షన్ వద్దు.

అసలు చిక్కు హోంవర్క్. ‘మా’ అన్న శబ్దాన్నే ఒక స్వరంలో పలికితే అమ్మ, ఇంకో స్వరంలో గుర్రం. పాప తప్పు పలికినా మీకు పట్టుబడదు. మధ్యలో మానేస్తే నేర్చింది నిలవదు కూడా. అయిదారేళ్లు అదే ఊళ్లో ఉంటామన్న నమ్మకం ఉంటేనే చేర్చండి. వీసా, ఉద్యోగం ఊగిసలాటలో ఉంటే నేనైతే నడిచివెళ్లే బడికే ఓటేస్తాను. సాయంత్రం అరగంట తెలుగుకీ మిగులుతుంది.