అమర జవాను విగ్రహం పెడుతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

సైన్యంలో అమరుడైన మన కుర్రాడి మొదటి వర్ధంతికి ఊళ్లో విగ్రహం పెడదామని సంఘంలో అనుకున్నట్టు రాశావు. మంచి పని. చందాల పుస్తకం తెరవకముందే నువ్వూ సర్పంచ్ గారూ ఆ ఇంటికి వెళ్లండి. భార్యతో ఒకసారి, తల్లిదండ్రులతో ఒకసారి, విడివిడిగా మాట్లాడండి. విగ్రహమా, పేరు చెక్కిన రాయి చాలునా, వర్ధంతి తేదీని బట్టా తిథిని బట్టా, వేదిక మీద కూర్చోగలరా లేదా అన్నవి వాళ్లే చెప్పాలి. రోజూ పిల్లను బడికి దింపే దారిలో భర్త బొమ్మ ఎదురైతే ఆమెకు ధైర్యమూ కావచ్చు, గుండెకోతా కావచ్చు. మనం ఊహించుకుని తేల్చేది కాదు.

స్థలం విషయంలో కూడలి ఆశ వదులుకోండి. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పైగా రోడ్డు వెడల్పు చేస్తే ముందు లేచిపోయేది అదే. రోడ్డు హద్దుకు లోపల, పంచాయతీకి చెందిన స్థలం చూసి తీర్మానం రాయించి, అనుమతి కాగితం చేతికొచ్చాకే పునాది తవ్వండి.

శిల్పికి సెల్ఫీ ఇవ్వకండి. చాలా ఫోన్లలో ముందు కెమెరా ఎడమను కుడి చేస్తుంది. పతకాలు ఎడమ రొమ్ము మీద, పేరు పట్టీ కుడి రొమ్ము మీద ఉండాలి. తారుమారైతే ఊరికొచ్చిన ప్రతి ఫౌజీకీ మొదట అదే కనబడుతుంది. యూనిఫాంలో ఎదురుగా తీసిన ఫొటో ఒకటి, రెండు పక్కల నుంచి ముఖం కనబడేవి రెండు ఇవ్వండి. టోపీ బిళ్ల, పతకాల వరుస అతని యూనిట్ వాళ్లను అడిగి రాయించుకోండి. మట్టి నమూనా అయ్యాక తల్లినో భార్యనో, అతనితో పనిచేసినవాళ్లు ఒకరినో తీసుకెళ్లి చూపించండి. ముక్కు, దవడ, మీసం సరిచేయడానికి అదే ఆఖరి అవకాశం. అచ్చు తీశాక ఇక మార్పులుండవు.

సిమెంటు విగ్రహమైతే ఇసుక నాగావళిదో వంశధారదో వాడండి, సముద్రపు ఇసుక కలవనివ్వకండి. మనది ఉప్పుగాలి. లోపలి ఇనుము మీద రెండు అంగుళాల కాంక్రీటు లేకపోతే తుప్పు ఉబ్బి, ముందు చేతుల దగ్గర బీటలు వారుతుంది. దిమ్మెకు టెక్కలి నీలి గ్రానైట్ అందంగా ఉంటుంది. కానీ పేర్లకు నల్ల గ్రానైటే మేలు, నీలి రాయి మచ్చల్లో అక్షరాలు కలిసిపోతాయి. పలకను ఊరికే సిమెంటుతో అతికిస్తే నాలుగు వానలకు ఊడుతుంది. నాలుగు మూలలా స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు పెట్టించండి. అక్షరాలు అంగుళానికి తగ్గకుండా చెక్కించాలి, రంగుతో రాయిస్తే నిలవదు. సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు, పుట్టిన తేదీ, అమరుడైన తేదీ, చోటు రికార్డుల్లో ఉన్నట్టే ఉండాలి. ఊరి పాత అమరుల పేర్లు కూడా చేరుస్తుంటే చనిపోయిన తేదీల వరుసలోనే పెట్టండి. ర్యాంకు చూసీ, కులం చూసీ వరుస మార్చొద్దు. దాతల పేర్లు అదే రాయి మీద వద్దే వద్దు.

ఆవిష్కరణకు మువ్వన్నెల జెండా కప్పడం చాలా ఊళ్లలో జరిగే తప్పు. విగ్రహానికి జాతీయ జెండా కప్పకూడదని జెండా నియమావళిలోనే ఉంది. తెల్లగుడ్డ చాలు. శవపేటిక మీద కప్పడం వేరు. అప్పుడు కాషాయం తలవైపు ఉండాలి, చితికి ముందు తీసేయాలి. ఆ రోజు ఇంటివాళ్లకు అందించిన జెండాను ఊరేగింపుకని అడగొద్దు. వర్ధంతినాడు జెండా ఎగరేస్తే పూర్తి ఎత్తుకే ఎగరేయండి. సగానికి దించడం ప్రభుత్వం చెప్పినప్పుడే. ప్లాస్టిక్ జెండాలు పంచకండి.

బ్యూగిల్‌కీ, పుష్పగుచ్ఛం మోయడానికీ దగ్గరి కాలేజీ ఎన్‌సీసీ వాళ్లను అడగండి, నెల ముందే ఉత్తరం ఇచ్చి. మొదటి పూలు ఇంటివాళ్లవి, నాయకులు ఆ తర్వాతే. రెండు నిమిషాల మౌనానికి ఒకరు గడియారం పట్టుకుని నిలబడాలి, లేకపోతే అరనిమిషంలో మైకు మోగుతుంది. ఫ్లెక్సీలో జవాను ఫొటో కంటే ఎవరిదీ పెద్దది కాకూడదు. డీజే వద్దు. భోజనాల ఖర్చు ఆ ఇంటి మీద పడకూడదు.

ఇక అసలు సాయం కాగితాల దగ్గర. ఆధార్‌లో భార్యకు పుట్టింటి ఇంటిపేరు, సైన్యం రికార్డులో అత్తింటిది ఉంటే పింఛను దగ్గర ఫైలు ఆగుతుంది. పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా మూడూ సరిపోయాయో లేదో చూసి, తేడా ఉంటే ఆమెను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లండి. చదువుకున్న కుర్రాణ్ణి ఒకణ్ణి ఈ పనికే పెట్టండి. పింఛను ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నట్టు ధ్రువపత్రం) గుర్తుచేయడం కూడా అతని బాధ్యతే. చందా సొమ్ములో మిగిలింది వేదిక మీద నోట్లుగా చేతిలో పెట్టకండి. కుటుంబ పింఛను మామూలుగా భార్య పేరనే వస్తుంది కాబట్టి ముసలి తల్లిదండ్రుల వాటా ఎంతో ఇద్దరి సమ్మతితో ముందే రాసుకుని, ఎవరి ఖాతాలో వాళ్లకు వేయండి. ఆ మాట జరగని చోటే అత్తాకోడళ్ల మధ్య తగువు పుడుతుంది.

ఇప్పుడు సర్వీసులో ఉన్న మన పిల్లలనూ మరవొద్దు. వాళ్ల అమ్మానాన్నలను ఆస్పత్రికి తిప్పడం, పొలం గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు ముందుండటం, ఇవే వాళ్లకు కావలసినవి. ఎవరు ఏ చోట కాపలాలో ఉన్నారో, ఎప్పుడు బయల్దేరారో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవ విరాళం రసీదు తీసుకునే ఇవ్వండి.

రాయి చెక్కేముందు కాగితం మీద రాసిన నమూనా ఫొటో తీసి నాకు పంపు. పేరులో దీర్ఘాలూ ఒత్తులూ నేనూ ఒకసారి చూస్తాను.

మీ మావయ్య